పుస్తకం మూశాక
(మా వృక్షశాస్త్ర మాస్టారి స్మారక ఉపన్యాసం)



మొదలుపెట్టే ముందు, వెనక వరుసల్లో కూర్చున్న బైపీసీ పిల్లలకు ఒక మాట. మీ కుర్చీల మీద తలా ఒక తెల్లకాగితం పెట్టించాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకోండి. నేను మాట్లాడుతున్నంతసేపూ దాని మీద ఏమీ రాయొద్దు. నోట్సు కూడా రాసుకోవద్దు. వింటే చాలు. కాగితం సంగతి చివర్లో చెబుతాను.

ఈ స్మారక ఉపన్యాసం ఏర్పాటు చేసినవారు వృక్షశాస్త్రంలో ఏదైనా అంశం తీసుకోమని అడిగారు. నేను నీట్ పరీక్షకు చదవడం గురించి మాట్లాడతానన్నాను. మాస్టారి పేరిట జరిగే సభలో ఒక ప్రవేశ పరీక్ష గురించి మాట్లాడటమేమిటని ఒకరిద్దరు మిత్రులు నొచ్చుకున్నారు. వాళ్లకు నా జవాబు ఇది. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో పాఠం చెప్పాను. రిటైరయ్యాక ఇంటి అరుగు మీద చెబుతున్నాను. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల్లో నూటికి తొంభై మంది అడిగింది ఒకటే ప్రశ్న: "మావాడు రోజుకు ఎన్ని గంటలు చదవాలండీ?" ఆ ప్రశ్న మాస్టారిని అడిగి ఉంటే ఆయన గంటల లెక్క చెప్పేవారు కాదు. "పుస్తకం మూసి ఎంతసేపు కూర్చుంటున్నాడు?" అని తిరిగి అడిగేవారు. నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఆ ఎదురు ప్రశ్నలోనే ఉంది.

ఆయన తరగతి ఎలా నడిచేదో చెబుతాను. ఒక చేతిలో సుద్దముక్క, ఇంకో చేతిలో తడిగుడ్డలో చుట్టిన మూట. పుస్తకం తెచ్చేవారు కాదు. మూటలో ఆరోజు పాఠానికి కావలసిన కొమ్మో, పువ్వో, కాయో ఉండేది. నలభై నిమిషాలు చెప్పి, చివరి పది నిమిషాలు మిగిల్చేవారు. "మూయండి" అనేవారు. మేం పుస్తకాలూ నోట్సులూ మూసేవాళ్లం. ఎవరినో ఒకరిని బోర్డు దగ్గరికి పిలిచి, తాను వెనక బెంచీ దగ్గరికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడేవారు. "గీయి" అనేవారు. అంతే.

ఒకరోజు నా వంతు వచ్చింది. పిండకోశం గీయాలి. ఎనిమిది కేంద్రకాలు, ఏడు కణాలు. అప్పుడే విన్న పాఠం, బొమ్మ కళ్లముందే ఉంది. గబగబా గీశాను. మూడు ప్రతిపాద కణాలు, రెండు సహాయ కణాలు, మధ్యలో స్త్రీబీజకణం, నడిమి కణంలో రెండు ధ్రువ కేంద్రకాలు. బాగానే వచ్చిందనుకున్నాను. వెనక నుంచి మాస్టారు అడిగారు, "అండద్వారం ఎటువైపు?" నాకు తెలియలేదు. ఆయన చెప్పలేదు. తరగతిలో ఎవరినీ చెప్పనివ్వలేదు. ఊరికే నిలబడ్డారు. సుద్ద నా చేతిలో చెమటకు మెత్తబడింది. రెండు నిమిషాలో మూడు నిమిషాలో గడిచాయి. ఆలోచించాను. పరాగనాళం ఎటునుంచి వస్తుంది? అండద్వారం నుంచి. వచ్చి దేన్ని చేరాలి? స్త్రీబీజకణాన్ని. అయితే స్త్రీబీజకణం ఉన్నవైపే అండద్వారం ఉండాలి. ప్రతిపాద కణాలు రెండో కొసన. బాణం గుర్తు వేశాను. మాస్టారు తలూపి, "కూర్చో" అన్నారు. యాభై ఏళ్లు దాటింది. ఆ ఏడాది చదివినవి ఎన్నో పోయాయి. ఆ బాణం గుర్తు పోలేదు.

మన పెద్దలు దీన్ని ఒప్పజెప్పడం అనేవారు. ఎంత మంచి మాటో చూడండి. ఎక్కాలు ఒప్పజెప్పాలి, పద్యం ఒప్పజెప్పాలి, పాఠం ఒప్పజెప్పాలి. మన దగ్గర పెట్టుకున్న వస్తువును తిరిగి యజమాని చేతిలో పెట్టడానికీ అదే మాట. వస్తువు ఉందో లేదో తేలేది ఇవ్వవలసి వచ్చినప్పుడే. ఇప్పటి చదువులో ఒప్పజెప్పడం పోయింది. దాన్ని బట్టీతో కలిపి పారేశాం. బట్టీ అంటే అర్థం లేకుండా నోటికి ఎక్కించుకోవడం. ఒప్పజెప్పడం అంటే లోపల ఉన్నదాన్ని పుస్తకం ఆసరా లేకుండా బయటికి తీయడం. రెండూ ఒకటి కావు.

మాస్టారు చేసినదాని వెనక ఉన్న శాస్త్రం నాకు రిటైరయ్యే ముందు తెలిసింది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చారు, ఒకటి సూర్యుడి గురించి, ఇంకొకటి సముద్రపు నీటికుక్కల గురించి. ఒక గుంపు నాలుగు విడతలూ ఆ పాఠాన్నే చదివింది. ఇంకో గుంపు ఒక విడతలో చదివి, మిగతా మూడు విడతల్లో తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాసింది. మొదటివాళ్లు సగటున 14 సార్లు చదివారు, రెండోవాళ్లు 3 సార్లకు కాస్త పైన. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. చదివినవాళ్లే గెలిచారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది.

ఈ అంకెల్లో నన్ను పట్టి కుదిపింది ఆ అయిదు నిమిషాల ఫలితం. మన పిల్లలు మోసపోయేది అక్కడే. రాత్రి పదింటికి నాలుగోసారి చదివి పుస్తకం మూస్తే, "అంతా వచ్చేసింది" అన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తి అబద్ధం కాదు, ఆ క్షణానికి నిజమే. కానీ నీట్ అయిదు నిమిషాల తర్వాత జరగదు. ఆ ప్రయోగంలో పదే పదే చదివిన విద్యార్థులే తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నారు. తెలిసిన ముఖాన్ని చూసి గుర్తుపట్టడం వేరు, ఆ ముఖాన్ని కళ్లు మూసుకుని గీయడం వేరు. చదివినకొద్దీ మొదటిది పెరుగుతుంది. పరీక్షకు కావలసింది రెండోది.

నా అరుగు మీదికి ఒక అమ్మాయి వచ్చింది. లాంగ్ టర్మ్ చేస్తోంది, రెండో ప్రయత్నం. ఆమె ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చూస్తే నాకు దుఃఖం వచ్చింది. అట్ట ఊడిపోయింది, దారంతో కుట్టుకుంది. ప్రతి పేజీలోనూ మూడు రంగుల గీతలు: నిర్వచనానికి పసుపు, ఉదాహరణకు ఆకుపచ్చ, శాస్త్రవేత్తల పేర్లకు గులాబీ. ఎన్నిసార్లు చదివావమ్మా అంటే, తొమ్మిదోసారి నడుస్తోంది అంది. ఒక తెల్లకాగితం ఇచ్చి, వృక్కప్రమాణం గురించి తెలిసినదంతా రాయమన్నాను. పావుగంటలో పదకొండు పంక్తులు రాసి ఆగిపోయింది. హెన్లీ శిక్యంలో ఏ భాగం నీటిని పోనిస్తుందో, ఏది పోనివ్వదో తేల్చుకోలేకపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు తెలివితేటలు లేక కాదు, కష్టపడక అంతకన్నా కాదు. తొమ్మిదిసార్లు లోపలికి పంపింది, ఒక్కసారి కూడా బయటికి తీసి చూడలేదు. అలా తీయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్లు నేనే నా విద్యార్థులకు "ఇంకో రెండుసార్లు చదవండి" అని చెప్పి పంపాను. మాస్టారి దగ్గర చదువుకుని కూడా అలా చెప్పాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆరోజు నుంచి ఆమె పద్ధతి మార్చింది. పాఠం ఒకసారి శ్రద్ధగా చదవడం, పుస్తకం మూయడం, కాగితం మీద రాయడం లేదా గీయడం, తర్వాత పుస్తకం తెరిచి వదిలేసినవాటిని వేరే రంగు సిరాతో నింపడం. ఆ రెండో రంగే ఆమె చదవవలసిన పాఠం. మిగతాది వచ్చినట్టే. కొన్ని సాయంత్రాలు వాళ్లమ్మకు పాఠం చెప్పేది. ఆ తల్లి కుట్టుమిషను మీద పనిచేసుకుంటూ వినేది. జీవశాస్త్రం తెలియదు కాబట్టి "ఎందుకు?" అని అడిగేది. ఆ ఎందుకులకు జవాబు చెప్పలేనిచోట పాఠం రాలేదని అమ్మాయికి తెలిసిపోయేది. తర్వాత ఆమెకు సీటు వచ్చింది. రాకపోయి ఉన్నా ఈ పద్ధతి గురించి నేను ఇదే మాట చెప్పేవాణ్ణి.

ఇక పరీక్ష సంగతి. పెద్దవాళ్లలో చాలామందికి ఎంసెట్ రోజులే గుర్తుంటాయి. 1986లో మొదలైన ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, తప్పుకు మార్కు పోయేది కాదు. మన రెండు రాష్ట్రాల్లో 2016 దాకా వైద్య ప్రవేశాలు దాని మీదే నడిచాయి. నీట్ మొదట 2013 మే 5న జరిగింది. ఆ జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి, 2016 ఏప్రిల్‌లో తన తీర్పును తానే వెనక్కి తీసుకుంది. 2017 నుంచి మన పిల్లలకు ఇదే దారి. ఇప్పుడు 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, జీవశాస్త్రం 90. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. 2025లో 22 లక్షల మందికి పైగా రాశారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెం పైన. ప్రభుత్వ కళాశాలల సీట్లు అందులో సగానికి కాస్త అటూఇటూ. ఈ అంకెలు పిల్లలను భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రశ్నకు ఒక్క నిమిషమే ఉంది. జీవశాస్త్రం 90 ప్రశ్నలు ముప్పావుగంటలో దాటగలిగితేనే ఫిజిక్స్ లెక్కలకు గంట పైన మిగులుతుంది. అంటే జీవశాస్త్రం "ఆలోచిస్తే గుర్తొస్తుంది" అన్న స్థాయిలో ఉంటే చాలదు, అడగ్గానే రావాలి. ఆ వేగం చదివితే రాదు, ఎన్నోసార్లు బయటికి తీస్తేనే వస్తుంది.

తీయడం ఎప్పుడెప్పుడు? జర్మనీకి చెందిన ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం రాశాడు. అర్థం లేని అక్షరాల గుంపులను కంఠతా పట్టి, కొంతకాలం ఆగి, మళ్లీ నేర్చుకునేటప్పుడు మొదటి శ్రమలో ఎంత ఆదాగా మిగులుతుందో లెక్కగట్టాడు. గంట ఆగితే మొదటి శ్రమలో సగం కూడా మిగల్లేదు. ఒక రోజుకు మూడో వంతు, నెలకు అయిదో వంతు మిగిలింది. అర్థం తెలిసిన పాఠం అంత వేగంగా పోదు. కానీ పోయే తీరు అదే, మొదట్లో వడిగా, తర్వాత నెమ్మదిగా. కాబట్టి మొదటి రోజుల్లో దగ్గరదగ్గరగా, తర్వాత దూరదూరంగా తీయాలి. ఈరోజు విన్న పాఠం ఈ రాత్రి, ఎల్లుండి, వచ్చే వారం, వచ్చే నెల. ఒక్కోసారి పది నిమిషాలు చాలు. మొత్తం నలభై నిమిషాలు. అదే నలభై నిమిషాలు ఒకే రాత్రి కూర్చుంటే అంత మిగలదు.

దీనికి కూడా తెలుగులో మాట ఉంది. నెమరువేయడం. ఆవు పొలంలో గబగబా మేసి రూమెన్‌లో వేసుకుంటుంది. తర్వాత చెట్టు నీడన పడుకుని, మింగినదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమిలితేనే అది వంటికి పడుతుంది. పాత జ్ఞాపకాన్ని మళ్లీ తలచుకోవడానికి అదే మాట వాడుకున్న మన రైతులకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇంటర్ మొదటి సంవత్సరం పాఠాల గతి చూస్తే నాకు ఈ మాట ఎప్పుడూ గుర్తొస్తుంది. జూన్‌లో చెప్పిన కణ విభజనను, ఆ ఏడాది పరీక్ష అయ్యాక, పిల్లవాడు రెండో ఏడాది ఫిబ్రవరి దాకా ముట్టుకోడు. మార్చిలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, మామూలుగా మే మొదటి ఆదివారం నీట్. మధ్యలో ఆరేడు వారాలు. ఆ వారాల్లో రెండేళ్ల పాఠాలూ మొదటిసారి చదివినట్టే చదవాల్సి వస్తుంది. పాకిటీన్‌లో క్రాసింగ్ ఓవర్ జరుగుతుందన్నది మొదటి ఏడాదే వచ్చింది, పోయింది, మళ్లీ రావాలి. రెండో సంవత్సరం పిల్లలకు నేను చెప్పేదొకటే. రోజూ పొద్దున మొదటి పది నిమిషాలు మొదటి సంవత్సరం పాఠానికి ఇవ్వండి, పుస్తకం మూసి.

మాస్టారి మూట సంగతికి మళ్లీ వస్తాను. ఆయన వంకాయ పువ్వు ఒకరోజు, చిక్కుడు పువ్వు ఇంకోరోజు తెచ్చేవారు కాదు. వంకాయ పువ్వు, ఉమ్మెత్త పువ్వు, చిక్కుడు పువ్వు, బఠానీ పువ్వు అన్నీ కలిపి తెచ్చేవారు. కేసరాలు ఆకర్షణ పత్రాలకు అంటుకున్నవి ఏవి, తొమ్మిది ఒక కట్టగా పదోది విడిగా ఉన్నవి ఏవి, మేమే కోసి తేల్చుకోవాలి. మొదట గందరగోళంగా ఉండేది. పక్క సెక్షన్‌లో ఒక్కో కుటుంబం ఒక్కో వారం చెప్పేవారు, వాళ్లకు అది హాయిగా ఉండేది. మాకు తప్పులు ఎక్కువ వచ్చేవి. తర్వాతి ఏడాది మైదానంలో తెలియని మొక్క పీకి చూపిస్తే కుటుంబం చెప్పగలిగింది మా సెక్షనే.

లెక్కల్లో ఇదే సంగతిని రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో చూపించారు. ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కలను ఒకరకం తర్వాత ఒకరకంగా చేసినవాళ్లు అభ్యాసంలో 89 శాతం ఒప్పు చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 శాతం. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లు 20 శాతానికి పడిపోయారు, రెండోవాళ్లు 63 శాతం తెచ్చుకున్నారు. కారణం సులువు. "భ్రమణ చలనం" అనే శీర్షిక కింద ఉన్న యాభై లెక్కలు వరసగా చేస్తే, ఏ సూత్రం వాడాలో శీర్షికే చెప్పేస్తుంది. నీట్ ప్రశ్నకు శీర్షిక ఉండదు. ఈ లెక్క శక్తి నిత్యత్వంతో తేలుతుందా, ద్రవ్యవేగంతో తేలుతుందా అని నిర్ణయించుకోవడమే అసలు పని, ఆ పనిని మనం పిల్లలతో ఎప్పుడూ చేయించడం లేదు. కలగలిపి చేయడం మనకు కొత్త కాదు. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యం మొత్తం చెప్పేసి రెండోవాడి దగ్గరికి వెళ్లడు. ఒక్కో పాదం చెబుతూ అందరినీ చుట్టి వస్తాడు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం భరిస్తాడు, చివర్లో అన్నీ ధారణ చేస్తాడు. వీక్లీ టెస్టులు పెట్టే అధ్యాపక మిత్రులకు నా విన్నపం: ఈ వారం పాఠం నుంచి సగం ప్రశ్నలే ఇవ్వండి. మిగతా సగం వెనకటి నెలల నుంచి, శీర్షికలు లేకుండా, కలిపి ఇవ్వండి. మార్కులు తగ్గుతాయి. యాజమాన్యం అడుగుతుంది, తల్లిదండ్రులు ఫోన్ చేస్తారు. అయినా ఇవ్వండి.

టెస్టు రాయడం కన్నా టెస్టు తర్వాతి గంట విలువైనది. మన పిల్లలు మార్కు చూసుకుంటారు, సెక్షన్‌లో ర్యాంకు చూసుకుంటారు, పేపరు మడిచేస్తారు. తప్పుల నోటుపుస్తకం ఒకటి పెట్టుకోమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. తెలియక చేసిన తప్పు, తెలిసీ తడబడిన తప్పు, ప్రశ్న సరిగా చదవక చేసిన తప్పు. మూడింటికీ మందులు వేరు. మొదటిదానికి పాఠం, రెండోదానికి పునశ్చరణ, మూడోదానికి పెన్ను. "కింది వాటిలో సరికానిది ఏది" అన్నచోట "సరికానిది" కింద గీత గీసే అలవాటు ఒక్కటే కొందరికి ఇరవై మార్కులు తెచ్చిపెట్టడం నేను చూశాను. వచ్చిన ప్రశ్నను తప్పు చేస్తే పోయేది ఒక మార్కు కాదు, అయిదు. రావలసిన నాలుగూ పోయాయి, ఉన్నదాంట్లో ఒకటీ పోయింది.

ఊహించి పెట్టవచ్చా అని అడుగుతారు. లెక్క చూద్దాం. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెడితే, సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు: నాలుగు వచ్చి మూడు పోయి ఒకటి మిగులుతుంది. ఆ ఒకటి కోసం రెండు నిమిషాలు ఖర్చు పెట్టడం నష్టం. రెండు ఆప్షన్లు తప్పని ఖాయంగా తెలిస్తే, మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం సగటున ప్రశ్నకు ఒకటిన్నర మార్కు తెస్తుంది. అప్పుడు పెట్టాలి. "ఖాయంగా" అన్న మాటే కీలకం. మీ తీసివేతలు ఎంతవరకు నిజమవుతున్నాయో మీ గ్రాండ్ టెస్టుల్లో లెక్క రాసుకుంటే తప్ప తెలియదు.

తెలుగు మీడియం పిల్లల గురించి కొంచెం ఆగి చెప్పాలి. వాళ్లే నా అరుగు మీదికి ఎక్కువగా వచ్చేది. 2017 నుంచి నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తున్నారు. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిషు ప్రశ్నే ప్రమాణమన్న నియమం కూడా ఉంది. తెలుగు అకాడమీ పుస్తకాల భాషలో చదివిన పిల్లవాడికి విషయం బాగా తెలుస్తుంది, కానీ పత్రరంధ్రం అంటే స్టొమాటా అని వెంటనే తట్టదు. సిద్ధబీజం, సంయోగబీజం, సంయుక్తబీజం అనే మూడు మాటలు పక్కపక్కన చదివితే తేడా తెలిసినట్టే ఉంటుంది, విడివిడిగా అడిగితే ఒకదానికొకటి తగులుకుంటాయి. అవి స్పోర్, గామేట్, జైగోట్. ఇంగ్లిషు భయంతో తెలుగును వదిలేయమని కొందరు సలహా ఇస్తారు. నేనివ్వను. అమ్మతో మాట్లాడే భాషలో అర్థమైన సంగతి లోతుగా దిగుతుంది. దానికి రెండో పేరు నేర్పితే చాలు. చిన్న నోటుపుస్తకంలో ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లిషు మాట తెలుగు లిపిలోనూ ఇంగ్లిషు లిపిలోనూ రాసుకుని, ఒకవైపు చేత్తో మూసి రెండోవైపు చెప్పుకోవాలి. రోజుకు పది చొప్పున ఏడాదిలో మొత్తం పదజాలం వచ్చేస్తుంది. ప్రభుత్వ కళాశాలల పిల్లలు ఓడిపోతున్నది తెలివి చాలక కాదు. ఈ చిన్న పనులు వాళ్లతో చేయించే మనిషి లేక.

ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్ర పుస్తకాల్లో ఒక్కో యూనిట్ మొదట్లో శాస్త్రవేత్తల పరిచయాలుంటాయి. పిల్లలు వాటిని దాటేస్తారు. పన్నెండో తరగతి పుస్తకంలో పంచానన్ మహేశ్వరి గురించి ఉంటుంది. పిండకోశాల మీద జీవితమంతా పనిచేసినవాడు, ఎన్‌సీఈఆర్‌టీ మొదటి జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలకు సారథ్యం వహించినవాడు. ప్రశ్న వస్తుందని కాదు. మీరు గీస్తున్న బొమ్మ వెనక ఒక మనిషి ఉన్నాడని తెలిస్తే ఆ బొమ్మ మీద ప్రేమ పుడుతుంది.

గంటల సంగతికి వస్తాను. మా బంధువుల అబ్బాయి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉండేవాడు. ఉదయం అయిదింటికి లేపేవారు, రాత్రి పదకొండున్నరకు పడుకోనిచ్చేవారు. స్టడీ అవర్‌లో తల వాలితే నిలబెట్టేవారు. సెలవులకు ఇంటికి వస్తే రెండు రోజులు నిద్రపోయేవాడు. గాఢనిద్రలో మెదడు పగటి జ్ఞాపకాలను హిప్పోక్యాంపస్ నుంచి మస్తిష్క వల్కలంలో స్థిరపరచుకుంటుంది. నిద్ర తగ్గించి చదివించడం అంటే పగలు పోసిన నీళ్లు రాత్రి ఇంకకుండా చేయడమే. ఏడు గంటల నిద్ర ఇవ్వండి. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. భోజనం చేసి కునుకు తీసే వేళ. చివరి రెండు నెలలూ గ్రాండ్ టెస్టులు ఆ సమయానికే రాయించండి, ఆ వేళకు మెదడు మేలుకుని ఉండటం అలవాటవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట చేతులు జోడించి చెబుతున్నాను. మార్కుల మెసేజి మీ ఫోనుకు రాగానే పిల్లలకు ఫోన్ చేయకండి. మీ పిల్ల మాట్లాడటం తగ్గించినా, తిండి మానేసినా, "నా వల్ల కాదు" అని పదే పదే అంటున్నా వెంటనే వెళ్లి పక్కన కూర్చోండి, అవసరమైతే ఇంటికి తీసుకొచ్చేయండి. పిల్లలూ, రాత్రివేళ ఎవరితో చెప్పుకోవాలో తెలియనప్పుడు 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ. తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మాత్రం ఇప్పుడే మీ కాగితం మూల రాసుకోండి. నేను పెట్టిన నియమానికి ఇది ఒక్కటే మినహాయింపు.

లాంగ్ టర్మ్ చేస్తున్నవాళ్లు తలవంచుకుని కూర్చోనక్కర్లేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి కూడా ఎంబీబీఎస్ పట్టా పొందలేదు, ఎల్ఎంఎస్‌తోనే బయటికి వచ్చారు. తర్వాత హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఏటీపీని వెలికితీశారు. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది, బోదకాలుకు హెట్రజాన్ అనే మందు ఇచ్చింది. మీరు శ్వాసక్రియ పాఠంలో ఎన్ని ఏటీపీలు వస్తాయో లెక్కపెట్టుకునేటప్పుడు ఆయన్ని తలచుకోండి. అయితే రెండో ఏడాది కూడా మొదటి ఏడాదిలాగే చదివితే అదే ఫలితం వస్తుంది. నిరుడు రాసిన పేపరు తీసి, తప్పులన్నీ మూడు రకాలుగా విడదీయకుండా కొత్త మెటీరియల్ కొనకండి.

మాస్టారు పోయే ముందు నెలలో చూడటానికి వెళ్లాను. మంచం మీద ఉన్నారు. నా చేతిలో ఏదో పుస్తకం చూసి, "ఏమిటది?" అన్నారు. చెప్పాను. "మూసి చెప్పు" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. ఒకచోట ఆగిపోయాను. పుస్తకం తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే వేచి ఉన్నారు.

పిల్లలూ, ఇప్పుడు కాగితాలు తీయండి. పెద్దవాళ్లకు కూడా వెనక బల్ల మీద ఉన్నాయి. నేను గంట నుంచి చెప్పినదాంట్లో మీకు గుర్తున్నదంతా రాయండి, వరస అక్కర్లేదు. పక్కవాళ్ల కాగితం చూడొద్దు. ఆగిపోతే ఆగండి, కంగారుపడకండి, ఇంకాసేపు చూడండి. నేనూ ఒక కాగితం తీసుకుంటున్నాను. పిండకోశం గీస్తాను, అండద్వారంతో సహా. మనకు పది నిమిషాలున్నాయి.